కాఫీ లేని కాఫీ వెంట దివిసీమ దాకా

కాఫీ మానేసినవాళ్లను ఎలా గుర్తుపట్టాలని ఎవరైనా అడిగితే, పక్కన ఐదు నిమిషాలు కూర్చోమంటాను. వాళ్లే చెప్పేస్తారు. ఆ వేసవి సెలవుల్లో ఖమ్మం నుంచి గుడివాడ వెళ్లేలోపు బస్సులో నా పక్క సీటులోకి వచ్చిన ముగ్గురికీ చెప్పాను. డాక్టరు మానెయ్యమన్నాడని, ఆరు వారాలైందని, పొద్దున్నే మూలికల టీ తాగుతున్నానని, ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వచ్చిందని. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. నలభై నాలుగేళ్లు వచ్చాయి, ఇక నిద్రలు ఇలాగే ఉంటాయి కాబోలని సరిపెట్టుకున్నాను.

ఆ టీ డబ్బాలు పంపింది మా ఆడపడుచు సరోజిని వదిన. అన్నయ్యగారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరై గుడివాడలో పేపరు చదువుకుంటూ ఉంటారు. ఆ పేపరు రెండోసారి చదవడం మొదలుపెట్టేసరికి వదినకు విసుగొచ్చి గొలుసుకట్టు వ్యాపారంలో చేరింది. అప్పట్లో అక్కడ వీధికొకరు అలాంటి వ్యాపారంలో ఉండేవారు. ఒక వీధిలో కలబంద రసం, ఇంకో వీధిలో గిన్నెలు తోమే పొడి. మా వదిన వాటాకు ‘కాఫీకి బదులు ఉదయపు టీ’ వచ్చింది.

“మూడు రోజులు ఉండేలా రావే శారదా. బందరూ దివిసీమా తిప్పి చూపిస్తాను. నాకూ కస్టమర్లను పలకరించినట్టుంటుంది” అంది ఫోనులో. ఒక్క క్షణం ఆగి, “నువ్వేం మాట్లాడక్కర్లేదు. బాటనీ లెక్చరర్‌వి కదా, పక్కన నిలబడితే చాలు” అంది.

నిలబడ్డాను. ఈ కథలో నా తప్పు అక్కడే ఉంది.

గుడివాడ

మా ఖమ్మంలో ఇంటికొచ్చినవాళ్లను “చాయ్ తాగుతారా?” అని అడుగుతారు. గుడివాడలో ఆ ప్రశ్న వినపడదు. గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి, “పంచదార సరిపోయిందా అండీ?” అని అడుగుతారు. వద్దనడానికి సందు ఉండదు.

మొదటి కస్టమరు ఎదురు వీధి ప్లీడరుగారి భార్య. కాఫీ వల్ల కలిగే అనర్థాల గురించి వదిన చెప్పబోయే ఉపన్యాసం వినడానికి ఆవిడ ఇంకో నలుగురిని పిలిచింది. అందరికీ ముందు పెసరట్టు, ఉప్మా, ఆపైన పొగలు కక్కే కాఫీ వచ్చాయి. ఆవిడ మా చేతుల్లోనూ గ్లాసులు పెట్టబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది. నేనూ పెట్టాను. ఆ వాసనకు నా కళ్లు చెమర్చిన మాట నిజం.

ఉపన్యాసానికి పతాక సన్నివేశం ఒక పోస్టుకార్డు. అది రాసింది దివిసీమలో ఉండే శేషయ్య. అన్నయ్యగారి దగ్గర లస్కరుగా పనిచేసి, కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తుతూ దించుతూ ముప్ఫై ఏళ్లు గడిపిన మనిషి. వదినను కూతురిలా చూసేవాడు. గుండె లయ తప్పుతోందని బెజవాడ డాక్టరు ఆయన్ని కాఫీ, టీ, చుట్ట మూడూ మాన్పించాడు. చుట్ట పోయినందుకు ఏడవలేదుగానీ కాఫీ పోయినందుకు ఏడ్చాడట. అది విని వదిన మనసు కరిగి ఆరు డబ్బాలు ఉచితంగా పంపింది.

వదిన కళ్లజోడు సర్దుకుని చదివింది. “అమ్మగారికి శేషయ్య నమస్కారాలు. మీరు పంపిన టీ అందినది. తాగుతుంటే అచ్చం కాఫీ తాగినట్టే ప్రాణం లేచి వస్తున్నది.”

“గుండె జబ్బు మనిషికే పనిచేసిందంటే ఇంక మనకేంటి!” అంది ప్లీడరుగారి భార్య. అందరూ నా వైపు చూశారు. “అన్నీ మూలికలేనండీ” అన్నాను. తులసి, అల్లం, అతిమధురం, ‘దక్షిణ అమెరికా అడవుల దివ్యపత్రం’ అని కరపత్రంలో ఉంది. పందొమ్మిదేళ్లుగా పిల్లలకు మొక్కల పేర్లు బట్టీ పట్టిస్తున్నదాన్ని. ఆ దివ్యపత్రం పేరేమిటని డబ్బా వెనక్కి తిప్పి చూడాలని నాకు తోచలేదు.

ఐదు డబ్బాలు అమ్ముడుపోయాయి.

చిలకలపూడి మీదుగా

మర్నాడు పొద్దున్నే బందరు ప్యాసింజరు ఎక్కాం. మచిలీపట్నమని బోర్డుల మీద రాసి ఉంటుంది, నోటితో మాత్రం అందరూ బందరనే అంటారు. చిలకలపూడి స్టేషన్‌లో ఒక ముసలాయన గాజులు, గొలుసులు అట్టకు కుట్టుకుని పెట్టెలోకి ఎక్కాడు. ఆ ఊరి గిల్టు నగలు రాష్ట్రమంతా పేరుమోసినవి. నేను ఒక గొలుసు అందుకుని వెలుగులో తిప్పి చూస్తూ, “బంగారంలాగే ఉందండీ” అన్నాను.

ఆయనకు ఆ పొగడ్త నచ్చలేదు. “బంగారంలా ఉంటదమ్మా, బంగారం కాదు. ఆ మాట ముందే చెబుతున్నాను. మెరుపు పోతే మళ్లీ నా దగ్గరికే రండి, పూత వేసిస్తాను.”

“చూశావా, అమ్మడం ఇతనికి తెలియదు” అంది వదిన నా చెవిలో.

నలభై రూపాయలకు గొలుసు కొన్నాను. ఇప్పటికీ మెరుస్తోంది.

గిలకలదిండి

స్టేషన్ నుంచి ఆటోలో నేరుగా చేపల రేవుకు వెళ్లాం. వేలం జోరుగా సాగుతోంది. మాకు వేలమంటే పత్తి యార్డు, మిర్చి యార్డు. అక్కడ సరుకు కదలదు, మనుషులు అరుస్తారు. ఇక్కడ సరుకు కూడా ఎగురుతోంది. ఐసు పలుకులు చెప్పుల్లోకి దూరాయి. తప్పుకోబోయి రొయ్యల నీళ్లలో జారి, చీర అంచంతా తడుపుకుని, పక్కనున్న బుట్ట పట్టుకుని ఆగాను. ఆ బుట్ట నాగమణిది. వదిన కస్టమరూ ఆవిడే.

నాగమణి భర్తది మరబోటు. ఆయన వేటకు వెళ్లి సరుకు తెస్తే ఈవిడ వేలంలో నిలబడి అమ్ముతుంది. మమ్మల్ని ఐసు పెట్టె మీద కూర్చోబెట్టి చీర పిండుకోమంది. వదిన ఫ్లాస్కులోని టీ మూతలో పోసిచ్చింది. నాగమణి ఒక గుటక వేసి ముఖం చిట్లించింది.

“నాకైతే పాలు పొయ్యడం మర్చిపోయిన టీలాగుందమ్మగారూ. మా ఆయనకి మాత్రం తెగ నచ్చింది. మొన్న వేటకెళ్లినప్పుడు రెండు రాత్రులు రెప్ప వాల్చలేదంట. వలకాడ అందరూ తూగుతుంటే ఈయనొక్కడే గుడ్లగూబలా కూర్చున్నాడంట. ఇంకో రెండు డబ్బాలు తీసుకోమన్నాడు.”

“అదీ మూలికల శక్తి!” అంది వదిన.

“శక్తో ఏందో, దీంట్లో ఏదో ఉందమ్మగారూ” అని నాగమణి పెద్ద చందువా చేప ఒకటి ఆకులో చుట్టి నా చేతికిచ్చింది. డబ్బు ఇవ్వబోతే, “మా రేవులో పడ్డారు గదా, ఉత్త చేతుల్తో పంపిస్తానా?” అంది.

చదువుకున్న మేమిద్దరం నవ్వుకుంటూ ఆటో ఎక్కాం. ఆ పొద్దున అసలు మాట చెప్పింది నాగమణి ఒక్కతే.

బందరులో మధ్యాహ్న భోజనం

ఆ చేప కరుణమ్మగారి వంటింట్లో పులుసైంది. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యారు. వదిన పిల్లలిద్దరికీ పురుడు పోసింది ఆవిడే. అందుకే వదిన ఈ భూమ్మీద భయపడే ఒకే ఒక్క మనిషి ఆవిడ. గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు, దాని పక్కన మేకుకు వేలాడుతూ ఒక భూతద్దం.

భోజనానికి ముందు ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. “ప్రయాణంలో ఉన్న ఈ బిడ్డల్ని కాపాడు తండ్రీ” అన్నారు. మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక దేవుడితో అంతసేపు మాట్లాడితే పిల్లలు కూర ఖాళీ చేసేస్తారు. ఇక్కడ ఆవిడ భర్త, ఎనభై ఏళ్ల ఆయన కూడా చేతులు కట్టుకుని కూర్చున్నారు. చూపు ఆనని ఆయనకు కనిపించేది పులుసు వాసనే అయినా.

తిన్నాక వదిన డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. “అయ్యగారికి మంచిదండీ. కాఫీ మానెయ్యొచ్చు.”

కరుణమ్మగారు భూతద్దం తీసుకున్నారు. డబ్బా చుట్టూ తిప్పారు. వెనక వైపు ‘సరోజిని, గుడివాడ’ అని ఫోను నంబరుతో వదిన అచ్చు వేయించుకున్న చీటీ అంటించి ఉంది.

“ఇది ఎవరు అంటించారు?”

“నేనేనండీ. అక్కడేవో చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. ఎవరూ చదవరు కదా అని వాటి మీద అంటించాను.”

“నేను చదువుతాను సరోజినీ. నలభై ఏళ్లు సీసా మీద రాసింది చదవకుండా ఎవరికీ మందు పొయ్యలేదు నేను.” గోటితో చీటీ అంచు లేపి మెల్లగా ఊడదీశారు. భూతద్దం ఆనించి కాసేపు చూసి, డబ్బానూ అద్దాన్నీ నా చేతికిచ్చారు. “నువ్వు లెక్చరర్‌వంట కదమ్మా. ఈ లాటిన్ పేరు నువ్వు చదువు. కింద లైను నాకు అర్థమైంది.”

ఐలెక్స్ పరాగ్వేరియెన్సిస్. ఆ పేరు ఎమ్మెస్సీలో చదివాను. దక్షిణ అమెరికాలో కాఫీలా కాచుకు తాగే ఆకు అని రెండు మార్కుల ప్రశ్నకు జవాబు కూడా రాశాను. కింది లైనులో, సహజ కెఫీన్ ఉంటుందని, గుండె జబ్బున్నవాళ్లు వాడకూడదని కంపెనీవాళ్లు నిజాయితీగానే అచ్చు వేశారు.

“కెఫీన్ అంటే?” అంది వదిన.

“కాఫీలో ఉండేదే వదినా” అన్నాను.

వదిన చేతిసంచి జిప్పు లాగి పోస్టుకార్డు తీసింది. ఎన్నో ఇళ్లలో చదివిన కార్డే. అచ్చం కాఫీ తాగినట్టే. ఈసారి పైకి చదవలేకపోయింది. “శేషయ్య బాబాయ్ నెల రోజుల నుంచి తాగుతున్నాడే” అంది.

వీధి చివరి ఎస్‌టీడీ బూత్‌కు పరిగెత్తాం. శేషయ్య ఊళ్లో కిరాణా కొట్టుకు ఫోను ఉంది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. కరుణమ్మగారు గేటు దాకా వచ్చి, “ముందు నాడి చూడండి. వెంటనే డాక్టరుకు చూపించండి. ఏడుపు తర్వాత” అన్నారు.

దివిసీమ

ఈ దారిని తీరిగ్గా చూడాలని ఎన్నాళ్లుగానో అనుకున్నాను. చల్లపల్లి దాటాక అరటి తోటలు, పసుపు చేలు, మోపిదేవి గుడి గోపురం, పులిగడ్డ దగ్గర నది మీదుగా నీళ్లను మోసుకెళ్లే కాలువ. అన్నీ కిటికీలోంచి వెళ్లిపోయాయి. వదిన దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది. ఒక్కసారి మాత్రం, “రోజుకి రెండుసార్లని చెప్పాను. మంచిది కదా, ఇంకోసారి తాగినా పర్లేదని కూడా రాశాను” అంది.

అవనిగడ్డలో దిగి ఆటోలో ఆ ఊరికి చేరేసరికి నాలుగున్నర. లాకు పక్కన పెంకుటింటికి తాళం వేసి ఉంది. గడప ముందు రెండు ఖాళీ ఆకుపచ్చ టీ డబ్బాల్లో తులసి, కనకాంబరం మొక్కలు.

పక్కింటి ఆవిడ మమ్మల్ని చూసి బయటికొచ్చింది. “పొద్దున్నే మోపిదేవి ఎల్లారండి. ఆయనకి ఒంట్లో బాగోటం లేదు గదా. గుండె దడంట. ఇంక ఎక్కువ రోజులు ఉండననుకుంటున్నాడండి. పాడి గేదెను కూడా కూతురికి తోలించేశాడు.”

వదినను మళ్లీ ఆటో ఎక్కించాను. ఇందాక బస్సులో దాటుకుంటూ వచ్చిన మోపిదేవికే వెనక్కి వెళ్లాం.

సుబ్రహ్మణ్యస్వామి గుళ్లో ఆ సాయంత్రం చెవులు కుట్టించుకున్న పసిపిల్లలు, గుండు చేయించుకున్న పసిపిల్లలు పోటీ పడి ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు పుట్టలో పాలు పోయడానికి చెంబులతో వరస కట్టారు. మా వైపు పుట్టంటే ఏడాదికి ఒక్క రోజు, నాగుల చవితి. ఇక్కడ రోజూ చవితే. ఆ సందట్లో ప్రాకారం నీడలో గోడకు ఆనుకుని శేషయ్య కనిపించాడు. పెద్ద మీసం, చిక్కిపోయిన ముఖం. పక్కన భార్య అనసూయమ్మ తాటాకు విసనకర్రతో విసురుతోంది.

“అమ్మగారూ! మీరేంటండీ ఇక్కడ?” అంటూ లేవబోయాడు.

“లేవకు బాబాయ్.” వదిన నేల మీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకుంది. “ఆ టీ ఎన్నిసార్లు తాగుతున్నావు?”

“మొదట్లో రెండండి. తర్వాత ఈ దడ మొదలైందండి. మీ కాయితంలో గుండెకి బలమని రాశారు గదా, అందుకని ఐదారుసార్లు తాగాను. తాగినకొద్దీ దడ పెరుగుతానే ఉంది. ఇంక ఆ మందు కూడా పనిచెయ్యట్లేదంటే నా టైము దగ్గర పడిందనుకున్నానండి.”

“డాక్టరుకి చెప్పలేదా?”

“మీరు పంపింది తాగుతున్నాను గదండీ, ఇంక డాక్టరెందుకు?”

వదిన చెప్పింది. తడబడుతూ చెప్పినా ఏమీ దాచకుండా చెప్పింది. ఆ టీలో కాఫీ మందే ఉందని, డబ్బా మీద రాసి ఉన్నదాని మీద తన పేరు అంటించుకుందని, దడ దానివల్లేనని. నా వంతు వచ్చేసరికి నేనూ చెప్పాను. తెలిసి ఉండాల్సిన మనిషిని, చూడలేదని.

శేషయ్య మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ముఖం మెల్లగా విచ్చుకుంది.

“అయితే నేను చచ్చిపోవట్లేదాండీ?”

“లేదు బాబాయ్. ముందు డాక్టరు దగ్గరికి పద.”

“నెల రోజులూ నేను తాగింది కాఫీయేనా?” మీసం కింద నవ్వు మొదలైంది. “తెలిస్తే ఇంకాస్త ఇష్టంగా తాగుదును గదండీ!”

నేను నవ్వేశాను. వదిన కూడా ఏడుస్తూనే నవ్వింది. అనసూయమ్మ మాత్రం నవ్వలేదు. విసనకర్ర ఒళ్లో పెట్టుకుంది.

“మీకు నవ్వొస్తుందమ్మగారూ” అంది. “నెల రోజుల నుంచి నాకు కునుకు లేదు. ఈయన పడుకుంటే ఊపిరి ఆడతందో లేదో చూసుకుంటా పక్కన కూర్చుంటున్నాను. ఏ పొద్దున ఏం చూడాలో అని.”

పక్కన చెవులు కుట్టించుకున్న పాప ఏడుపు ఆపి మా వైపు చూసింది.

అవనిగడ్డలో డాక్టరు ఈసీజీ తీసి, డబ్బా చదివి, వదినను పైనుంచి కిందికి చూశాడు. ప్రమాదం లేదు, అది ఆపేస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది, వచ్చే వారం మళ్లీ తీసుకురండి అన్నాడు. వదినతో ఇంకో మాట కూడా అన్నాడు. అది రాయను, వదిన ఇది చదువుతుంది.

తర్వాతి సంగతి

వరస తప్పినా ఇక్కడే చెప్పేస్తాను. గుడివాడ తిరిగొచ్చాక వదిన డబ్బాలు కొన్న ప్రతి ఇంటికీ వెళ్లి గడపలో నిలబడి ఉన్నమాట చెప్పింది. నేనూ పక్కన నిలబడ్డాను. ముగ్గురు డబ్బా తిరిగి ఇచ్చేశారు, ఒకావిడ తలుపు వేసుకుంది. మిగతావాళ్లు, “అందులో కాఫీ ఉందా? ముందే చెప్పొద్దూ!” అని ఇంకో డబ్బా అడిగారు. నాగమణి భర్తయితే ఏకంగా డజను కావాలని కబురంపాడు. అమ్మకం అంత బాగా సాగే రోజుల్లో వదిన ఆ వ్యాపారం మానేసింది. అన్నయ్యగారు పేపరు రెండోసారి చదువుతుంటే ఇప్పుడు తనూ పక్కన కూర్చుని అందులోని చిన్న అక్షరాల ప్రకటనలన్నీ చదువుతోంది.

లాకు పక్కన పొద్దున

ఆ రాత్రి శేషయ్య ఇంట్లోనే ఉండిపోయాం. పొద్దున లేచేసరికి నాకు తల పగిలిపోతోంది. ఆరు వారాల కిందట మానేశానని ఊరంతా చెప్పుకున్న కాఫీని నిజంగా మానేసిన మొదటి ఉదయం అది. లాకు తలుపుల సందుల్లోంచి నీళ్లు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. వసారాలో మంచం మీద శేషయ్య పడుకుని ఉన్నాడు. నోరు కాస్త తెరుచుకుని, గురక పెడుతూ. పక్కన ముక్కాలి పీట మీద అనసూయమ్మ, చేతిలో విసనకర్ర. రాత్రంతా అక్కడే ఉన్నట్టుంది.

పెరట్లో ముఖం కడుక్కుని వదిన వచ్చింది. గుళ్లో ఆ మాటలు అన్నాక అనసూయమ్మ ఆమెతో ఇంకొక్క మాట కూడా మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మంచం వేసింది, దుప్పటి ఇచ్చింది. అన్నీ నాతో చెప్పింది. వదిన గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక కొంగు అంచు మెలిపెడుతూ ఉండిపోయింది.

“పిన్నీ, మేము తొమ్మిది గంటల బస్సుకి...” అంది చివరికి.

అనసూయమ్మ తలెత్తి చూసింది. లేచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి నడుం నిటారు చేసుకుని, వదిన దగ్గరికి వచ్చి, విసనకర్ర ఆమె చేతిలో పెట్టింది.

“మీరు కాసేపు చూస్తా కూర్చోండమ్మగారూ. నేను పడుకుంటాను.”

అక్కడే, మంచం పక్కనే, చాప వేసుకుని కొంగు తల కింద పెట్టుకుంది. పది లెక్కపెట్టేలోపు నిద్రపోయింది.

వదిన పీట మీద కూర్చుంది. ఆయన మీద వాలే ఈగను తోలింది, ఆవిడ మీద వాలే ఈగను తోలింది. కళ్లు ఆయన ఛాతీ మీదే ఉన్నాయి. రోడ్డు మీద తొమ్మిది గంటల బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. మేమెవరం కదలలేదు.

పది దాటాక శేషయ్య కళ్లు తెరిచాడు. పీట మీద ఇంజనీరుగారి భార్యను చూసి కంగారుగా లేవబోయి, కింద చాప మీద పడుకున్న మనిషిని చూసి ఆగిపోయాడు. వేలు మీసానికి అడ్డంగా పెట్టుకుని, గుసగుసగా అన్నాడు.

“నెమ్మదిగా విసరండమ్మగారూ. నిద్ర లేస్తది.”